బోల్ట్ యాక్షన్ రైఫిల్ ట్రిగ్గర్: ఏ స్క్రూ తిప్పొచ్చు, దేన్ని ముట్టుకోకూడదు

బోల్ట్ యాక్షన్ రైఫిల్ అంటే ప్రతి తూటాకీ బోల్ట్ అనే ఉక్కు కడ్డీని పిడితో వెనక్కి లాగి, ముందుకు తోసి మూయాల్సిన తుపాకీ. క్లుప్తంగా: ట్రిగ్గర్ తేలిగ్గా ఉండటం వేరు, ట్రిగ్గర్ లోపలి పట్టు తగ్గిపోవడం వేరు. మొదటిది స్ప్రింగ్ వ్యవహారం, ఒక హద్దు దాకా ఫర్వాలేదు. రెండోది రెండు ఉక్కు అంచులు ఒకదాని మీద ఒకటి ఎంత మేర కూర్చున్నాయనే లెక్క. అక్కడ తేడా వస్తే వేలు తగలకుండానే తుపాకీ పేలొచ్చు. అలా పేలుతోందంటూ అమెరికాలో రెమింగ్టన్ 700 రైఫిల్ మీద దశాబ్దాల పాటు నడిచిన గొడవ అర్థం కావాలన్నా ముందు ఈ తేడా తెలియాలి.

టెక్సస్‌లోనో జార్జియాలోనో స్థిరపడి, ఆఫీసు స్నేహితులతో కలిసి జింకల సీజన్ కోసం రైఫిల్ కొనుక్కునే తెలుగువాళ్ళూ ఉన్నారు. రైఫిల్ కొత్తదైనా, ఎవరి దగ్గరో కొన్న పాతదైనా రేంజ్‌కి వెళ్ళిన మొదటి రోజే వినిపించే మాట ఒకటుంది: "ట్రిగ్గర్ గట్టిగా ఉంది, ఒక పావు తిప్పు తిప్పితే వెన్నలా అయిపోతుంది." వీడియోలు చూస్తే అయిదు నిమిషాల పనిలాగే కనిపిస్తుంది. నిజానికి తిప్పడం అయిదు నిమిషాల పనే. ఏం తిప్పామో తెలుసుకోవడానికే అంతకంటే ఎక్కువ టైమ్ పడుతుంది.

బరువు అంటే దేని బరువు

ట్రిగ్గర్ బరువంటే ఫైరింగ్ పిన్ (తూటా వెనక కొట్టి పేల్చే ఉక్కు సూది) విడుదల కావడానికి వేలు పెట్టాల్సిన బలం. అమెరికాలో పౌండ్లలో చెబుతారు, షూటింగ్ పోటీల్లో గ్రాముల్లో. ఒక పౌండ్ 454 గ్రాములు, అంటే అర లీటరు పాల ప్యాకెట్ కంటే కాస్త తక్కువ. వేటకు వాడే రైఫిళ్ళలో మూడు నుంచి నాలుగు పౌండ్లు మామూలు, మూడు పాల ప్యాకెట్లు ఒక వేలికి తగిలించుకున్నట్టు. బల్ల మీద దిండు వేసి, రైఫిల్ పెట్టి, ఒకే చోట బుల్లెట్లన్నీ దింపే బెంచ్‌రెస్ట్ పోటీల వాళ్ళు రెండు ఔన్సులకు, అంటే 57 గ్రాములకు కూడా పెట్టుకుంటారు. అది ముట్టుకుంటే చాలు అన్నట్టు ఉంటుంది.

తేలిక ట్రిగ్గర్ ఎందుకు కావాలంటారంటే, గురి పెట్టి నిలబెట్టిన రైఫిల్‌ని చివరి క్షణంలో కదిపేది ఆ వేలే. రైఫిల్ నాలుగు కిలోలుండి, ట్రిగ్గర్‌కి రెండున్నర కిలోల బలం కావాలంటే చెయ్యంతా బిగుసుకుంటుంది, గురి పక్కకు పోతుంది. కాబట్టి తేలిక చేసుకోవాలనుకోవడం తప్పేమీ కాదు. ఆ తేలికదనం ఎక్కడి నుంచి తెస్తున్నామన్నదే ప్రశ్న.

ఎలుకల బోను లెక్క

పాత చెక్క ఎలుకల బోను చూసినవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. తలుపు పైకెత్తి, లోపల పకోడీనో ఎండుచేప ముక్కనో గుచ్చిన కొక్కేనికి తగిలిస్తాం. కొక్కెం లోతుగా తగిలితే ఎలుక పకోడీ మొత్తం తినేసి హాయిగా వెళ్ళిపోతుంది, తలుపు పడదు. మరీ అంచున తగిలిస్తే ఎలుక రాకముందే, పక్కన ఎవరో గట్టిగా అడుగు వేసినా తలుపు దబ్బున పడుతుంది. తలుపు బరువు రెండుసార్లూ ఒకటే. మారింది కొక్కెం ఎంత తగిలిందన్నది మాత్రమే.

రైఫిల్‌లో తలుపు స్థానంలో ఫైరింగ్ పిన్ ఉంటుంది. దాని వెనక పది కిలోల పైచిలుకు బలమున్న స్ప్రింగ్ కుదించి ఉంటుంది. దాన్ని ఆపేది సియర్ అనే చిన్న ఉక్కు ముక్క. ఆ సియర్ కింద పడిపోకుండా ఆపేది ట్రిగ్గర్ పై అంచు. ఈ రెండు అంచులు ఒకదాని మీద ఒకటి కూర్చునే మేర చాలా వేట రైఫిళ్ళలో అర మిల్లీమీటరు చుట్టుపక్కల ఉంటుంది. ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. అంటే బుల్లెట్ గొట్టంలో ఉన్న తుపాకీకీ పేలుడుకీ మధ్య అడ్డు, జేబులోని కార్డు మందం కంటే తక్కువ. ఇది భయపెట్టే మాట కాదు, సరిగ్గా చేసిన ట్రిగ్గర్‌లో అర మిల్లీమీటరు బోలెడంత. దాన్ని పావు మిల్లీమీటరు చేస్తేనే కథ మారుతుంది.

మూడు స్క్రూలు, మూడు వేరే పనులు

రెమింగ్టన్ 700 పాత ట్రిగ్గర్ డబ్బాని చెక్క బిగింపు లోంచి బయటికి తీసి చూస్తే మూడు చిన్న స్క్రూలు కనిపిస్తాయి, ముందు వైపు రెండు, వెనక ఒకటి. ఫ్యాక్టరీలో వాటి తలల మీద జిగురు లాంటి సీల్ వేస్తారు, ఎవరైనా కదిపితే అది పగులుతుంది.

ముందు వైపు కింది స్క్రూ స్ప్రింగ్‌ని నొక్కుతుంది. ట్రిగ్గర్ బరువుని మార్చేది ఇదే. ముందు వైపు పై స్క్రూ తుపాకీ పేలిన తర్వాత ట్రిగ్గర్ ఇంకెంత దూరం వెళ్ళాలో ఆపుతుంది, దీన్ని ఓవర్‌ట్రావెల్ అంటారు. వెనక స్క్రూ సియర్ పట్టుని, అంటే ఆ అర మిల్లీమీటరుని నిర్ణయిస్తుంది.

వీడియోల్లో తరచూ జరిగే మోసం, మోసం అనకపోయినా పొరపాటు, ఇక్కడే. వెనక స్క్రూ కాస్త బిగిస్తే ట్రిగ్గర్ ఒక్కసారిగా "గాజు ముక్క విరిగినట్టు" టక్కున తెగుతుంది, గరగర అంతా పోతుంది. అద్భుతంగా అనిపిస్తుంది. అలా అనిపించడానికి కారణం అంచులు జారాల్సిన దూరం తగ్గడం. కొక్కేన్ని అంచుకి లాగాం, అంతే.

ఓవర్‌ట్రావెల్ స్క్రూ అమాయకంగా కనిపిస్తుంది కానీ దాన్ని మరీ బిగిస్తే ట్రిగ్గర్ సియర్ కింద నుంచి పూర్తిగా తప్పుకోలేదు. సియర్ ఆ అంచుని రాసుకుంటూ పడుతుంది, లేదా సగంలో వేలాడి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కినా పేలలేదు, ఏమైందా అని బోల్ట్ పిడిని తాకితే అప్పుడు పేలుతుంది.

పోనీ, బరువు స్క్రూ ఒక్కటే తిప్పితే? మూడింటిలో ప్రమాదం తక్కువైనది అదే. కానీ దానికీ అడుగు హద్దు ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఆ స్ప్రింగ్ వేలికి బరువు చూపించడానికి మాత్రమే లేదు, నొక్కిన ట్రిగ్గర్‌ని తిరిగి సియర్ కిందికి తోసేది కూడా అదే. స్ప్రింగ్ మరీ వదులు చేస్తే తోసే బలం పోతుంది. కాస్త దుమ్మో, గడ్డకట్టిన నూనో ఉంటే ట్రిగ్గర్ పూర్తిగా వెనక్కి రాదు. వెనక స్క్రూ ముట్టుకోకుండానే పట్టు తగ్గిపోతుందన్నమాట.

రెమింగ్టన్ 700లో జరిగింది

ఈ ట్రిగ్గర్‌ని తయారుచేసింది కంపెనీ ఇంజనీర్ మైక్ వాకర్. 1948లో మోడల్ 721, 722 రైఫిళ్ళతో మార్కెట్‌కి వచ్చింది. 1962లో వచ్చిన మోడల్ 700లోనూ ఇదే పెట్టారు. అమెరికా మెరైన్ల ఎం40, సైన్యం ఎం24 స్నైపర్ రైఫిళ్ళకు ఆధారం కూడా 700 రైఫిలే, కాబట్టి ఇదేదో చవకబారు సరుకు అనుకోవడానికి లేదు. ట్రిగ్గర్ హాయిగా ఉంటుందన్న పేరు కూడా దానికి ఉంది.

వాకర్ డిజైన్‌లో ఒక ప్రత్యేకత ఉంది. సియర్ నేరుగా ట్రిగ్గర్ మీద కూర్చోదు. మధ్యలో కనెక్టర్ అనే పల్చని ఉక్కు ముక్క ఉంటుంది. అది ట్రిగ్గర్‌కి అతికించి ఉండదు, స్ప్రింగ్ నొక్కుడుతో ఆనుకుని ఉంటుంది. పేల్చిన ప్రతిసారీ సియర్ కిందికి పడుతూ కనెక్టర్‌ని ముందుకు నెడుతుంది, కనెక్టర్‌కీ ట్రిగ్గర్‌కీ మధ్య క్షణకాలం ఒక సందు తెరుచుకుంటుంది. మళ్ళీ మూసుకుంటుంది. మూసుకోవాలి. ఆ సందులో గన్‌పౌడర్ మసి, లోహపు పొడి, ఎండిన నూనె ఏదైనా ఇరుక్కుంటే కనెక్టర్ అనుకున్న చోటుకి రాదు. వంటింట్లో నూనె సీసా మూత దగ్గర కొన్నాళ్ళకి జిగటగా పేరుకుంటుంది చూడండి, తుపాకీ నూనె అతిగా పోసిన ట్రిగ్గర్ డబ్బాలోనూ అదే జరుగుతుంది. పైగా చలిలో ఇంకా గట్టిపడుతుంది.

ఇప్పుడు సేఫ్టీ, అంటే తుపాకీ పేలకుండా ఆపే మీట, దాని సంగతి. సేఫ్టీ వేస్తే సియర్ కొద్దిగా పైకి లేస్తుంది, కనెక్టర్ మీద బరువుండదు. ఆ సమయంలో కనెక్టర్ పక్కకు జరిగి తిరిగి రాలేకపోతే బయటికి ఏమీ తెలియదు, ఎందుకంటే సియర్‌ని సేఫ్టీ మోస్తోంది. సేఫ్టీ తీయగానే సియర్ కిందికి దిగుతుంది, ఆనుకోవడానికి కింద ఏమీ ఉండదు. తుపాకీ పేలుతుంది. ట్రిగ్గర్ మీద వేలే లేదు. 1982 దాకా ఈ రైఫిళ్ళలో సేఫ్టీ వేసి ఉంటే బోల్ట్ కదిలేది కాదు, తూటా బయటికి తీయాలంటే సేఫ్టీ తీసి తీరాలి. అంటే తుపాకీని ఖాళీ చేసి ఇంటికి వెళ్దామనుకున్న సమయమే ప్రమాదకరమైన సమయం అయింది. 1982లో ఆ లాక్ తీసేశారు. అప్పటికే అమ్మినవి అలాగే ఉండిపోయాయి.

ఇదే తరహా ట్రిగ్గర్ ఉన్న మోడల్ 600ని టెక్సస్‌లో జరిగిన ఒక ప్రమాదం, దాని మీద వచ్చిన కేసు తర్వాత 1978లో కంపెనీ వెనక్కి పిలిచింది. 700ని పిలవలేదు. ఎందుకు పిలవలేదో 1979 జనవరి నాటి కంపెనీ సమావేశపు మినిట్స్‌లో ఉంది, అవి తర్వాత కోర్టు కేసుల్లో బయటపడ్డాయి: లోపం ఉండే అవకాశమున్న 20,000 తుపాకుల్ని పట్టుకోవడానికి 20 లక్షల తుపాకుల్ని వెనక్కి తెప్పించాలి. లెక్కకు ఒక శాతం. కాగితం మీద చిన్నదే, చేతిలో ఆ ఒక్కటి ఉన్నవాడికి నూటికి నూరు. 1948లోనే వాకర్ స్వయంగా ఒక మార్పు సూచించారని, దానికి తుపాకీకి ఐదున్నర సెంట్లు ఖర్చయ్యేదని సీఎన్‌బీసీ చానల్ 2010లో చెప్పింది.

కంపెనీ వాదన మాత్రం మొదటి నుంచీ ఒకటే: డిజైన్ సురక్షితం, ప్రమాదాలకు కారణం శుభ్రం చేయకపోవడం, తుపాకీని తప్పుగా పట్టుకోవడం, స్క్రూలు తిప్పి పాడుచేయడం. దీన్ని సాకు అని కొట్టిపారేయడం తేలికే కానీ అందులో కొంత పస ఉంది. ఎలాగంటే, మసి ఇరుక్కున్న ట్రిగ్గర్, వెనక స్క్రూ అతిగా బిగించిన ట్రిగ్గర్, స్ప్రింగ్ వదులైన ట్రిగ్గర్, ఈ మూడూ చివరికి ఒకే చోట విఫలమవుతాయి, సియర్ అంచు కింద. సొంతదారు ఒక్కసారి సీల్ పగలగొట్టాడంటే డిజైన్ తప్పో, అతని చేతి తప్పో తేల్చడం చాలా కష్టం. అదే సమయంలో, అర మిల్లీమీటరు మీద ఆధారపడే చోట అతికించని ఒక ముక్కని పెట్టడం దుమ్ముకి దారివ్వడమే, దాన్ని సొంతదారు మీదికి నెట్టలేం.

2006 తర్వాత కంపెనీ కనెక్టర్ లేని ఎక్స్‌మార్క్ ప్రో ట్రిగ్గర్ తెచ్చింది. విచిత్రం ఏంటంటే 2014 ఏప్రిల్‌లో దాన్నీ వెనక్కి పిలవాల్సి వచ్చింది, బిగింపులో వాడిన అంటుపదార్థం ఎక్కువైన తుపాకులు కొన్ని దొరికాయి కాబట్టి. పాత ట్రిగ్గర్ల మీద నడిచిన సామూహిక దావాలో 2017లో కోర్టు ఒప్పందాన్ని ఆమోదించింది. దాని కిందికి వచ్చినవి సుమారు 75 లక్షల తుపాకులు. తప్పు ఒప్పుకోకుండానే ట్రిగ్గర్లు మార్చి ఇవ్వడానికి కంపెనీ అంగీకరించింది. మార్పించుకోవడానికి ముందుకొచ్చినవాళ్ళు మాత్రం ఆ సంఖ్యలో చాలా తక్కువ. కంపెనీ 2018లో ఒకసారి, 2020లో మళ్ళీ దివాలా పిటిషన్ వేసి, ముక్కలుగా అమ్ముడైపోయింది.

రేంజ్‌లో వంద గ్రాములు, అడవిలో కిలోన్నర

మరి ఒలింపిక్స్‌లో వాడే రైఫిళ్ళ మాటేమిటి? 50 మీటర్ల పోటీకి వాడే .22 రైఫిల్ కూడా చాలావరకు బోల్ట్ యాక్షనే. హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో అయినా, 50 మీటర్ల రైఫిల్లోనూ ఆడాడు. ఈ పోటీ రైఫిళ్ళ ట్రిగ్గర్లు వంద గ్రాముల చుట్టుపక్కల ఉంటాయి, సబ్బు బిళ్ళంత బరువు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య రూల్స్‌లో 50 మీటర్ల రైఫిల్‌కి కనీస బరువే లేదు. 300 మీటర్ల స్టాండర్డ్ రైఫిల్‌కి మాత్రం 1,500 గ్రాములు ఉండాలి, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కి 500, 25 మీటర్ల పిస్టల్‌కి 1,000. గొట్టం నిలువుగా పైకి పెట్టి, ట్రిగ్గర్‌కి బరువు తగిలించి ఎత్తుతారు. ట్రిగ్గర్ తెగకుండా ఆ బరువు లేవాలి.

వంద గ్రాముల ట్రిగ్గర్ అక్కడ ఫర్వాలేదు, అడవిలో ఎందుకు కాదు? రేంజ్‌లో గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉంటుంది, తూటా ఒక్కొక్కటీ గురి పెట్టే ముందే పెడతారు, ఆపమనగానే బోల్ట్ తెరిచి గొట్టంలో రంగు వైరు లాంటి సేఫ్టీ ఫ్లాగ్ దూరుస్తారు. తూటా పెట్టిన తుపాకీతో ఎవరూ నాలుగడుగులు కూడా వేయరు. పైగా ఆ ట్రిగ్గర్‌ని పుట్టించేటప్పుడే వంద గ్రాముల కోసం లెక్క వేసి, అంచులు అందుకు తగ్గట్టు నునుపు చేశారు. వేటగాడు చలిలో గ్లౌజు వేసుకుని, కంచె దాటి, చెట్టు మీది మంచె ఎక్కుతాడు. మొద్దుబారిన వేలికి అర కిలో బలం తెలియనే తెలియదు.

సైనిక రైఫిళ్ళు ఇంకో కొస. మన పోలీసుల చేతుల్లో తరాలుగా చూసిన త్రీ నాట్ త్రీ ట్రిగ్గర్ రెండు అంచెల్లో తెగుతుంది. మొదట మూడు నాలుగు పౌండ్ల బలంతో కొంత దూరం వస్తుంది, ఆగుతుంది, తర్వాత ఐదారు పౌండ్లు పెడితే పేలుతుంది. ఆ మొదటి అంచెలో జరిగేది ఏంటంటే, లోతుగా ఉన్న సియర్ పట్టు కొంచెం కొంచెంగా తగ్గుతూ చివరి అంచుకి వస్తుంది. వేలు తీస్తే మళ్ళీ లోతుకి వెళ్ళిపోతుంది. అంటే భుజాన మోసుకు తిరిగినంతసేపూ కొక్కెం లోతుగానే ఉంది, గురి చూసే రెండు సెకన్లే అంచున ఉంది. వందేళ్ళు దాటిన ఉపాయం, ఇంతకంటే తెలివైనది కనిపెట్టడం కష్టం.

కష్టమే కానీ 2002 చివర్లో శావేజ్ కంపెనీ ఇంకో దారి పట్టింది. ఆక్యుట్రిగ్గర్ పేరుతో, ట్రిగ్గర్ మధ్యలో ఒక పల్చని రెక్క పెట్టారు. వేలు దాన్ని నొక్కితే తప్ప సియర్‌కి దారి తెరుచుకోదు. తుపాకీ కిందపడి సియర్ జారినా ఆ రెక్క దగ్గర ఇరుక్కుపోతుంది, పేలదు, మళ్ళీ బోల్ట్ ఎత్తి మొదటి నుంచి మొదలుపెట్టాలి. అందుకే ఇంట్లో కూర్చుని పౌండున్నర దాకా తగ్గించుకోమని కంపెనీయే పనిముట్టు ఇవ్వగలిగింది. 2012లో వచ్చిన రూగర్ అమెరికన్‌లో మూడు నుంచి ఐదు పౌండ్ల మధ్య సర్దుకోవచ్చు. టిక్కా టీ3 ఒకటి నుంచి రెండు కిలోల మధ్య. వీటిలో సొంతదారుకి అందేది బరువు స్క్రూ ఒక్కటే, సియర్ పట్టుని చేతికి అందకుండా పెట్టారు.

తిప్పాల్సి వస్తే

ముందు ఆ మోడల్ మాన్యువల్‌లో సొంతదారు తిప్పుకోవచ్చని రాసుందా లేదా చూడాలి. రాసి లేకపోతే అది గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) పని. ఉంటే, తూటాలు వేరే గదిలో పెట్టి తలుపు వేయాలి, గొట్టం వెనక భాగాన్ని కంటితో చూసి చిటికెన వేలు పెట్టి కూడా చూడాలి, బోల్ట్ తీసేయాలి. ఆ తర్వాతే స్క్రూడ్రైవర్. బోల్ట్ తీయకముందే, ట్రిగ్గర్ బరువు కొలిచే గేజ్‌తో పదిసార్లు కొలిచి రాసుకోవాలి. పది కొలతలూ దగ్గరదగ్గరగా లేకపోతే, ఒకసారి మూడు పౌండ్లు ఒకసారి నాలుగు వస్తుంటే, అది సర్దుబాటు సమస్య కాదు. లోపల మురికో అరుగుదలో ఉంది, శుభ్రం చేయకుండా స్క్రూ తిప్పితే జబ్బుని దుప్పటి కప్పి దాచినట్టే.

బరువు స్క్రూ మాత్రమే, తిప్పుకి ఎనిమిదో వంతు చొప్పున, కంపెనీ చెప్పిన అడుగు హద్దుకి పైనే ఆగాలి. అంచుల్ని సానరాయితో రుద్దడం మాత్రం పూర్తిగా వద్దు. సియర్ పైపొర మాత్రమే గట్టిపరిచిన ఉక్కు, ఆ పొర చాలా పల్చన. అది పోతే లోపలి మెత్తని లోహం కొన్ని వందల సార్లకే అరిగిపోతుంది. ఈరోజు బాగున్న ట్రిగ్గర్ వచ్చే ఏడాది దానంతటదే తేలికైపోతుంది.

అసలు పని తిప్పిన తర్వాత మొదలవుతుంది. ఖాళీ తుపాకీతోనే, అంతా తిరిగి బిగించి, కాక్ చేసి (ఫైరింగ్ పిన్ స్ప్రింగ్‌ని కుదించి), బోల్ట్‌ని ఇరవైసార్లు గట్టిగా కొట్టి మూయాలి. సేఫ్టీ వేసి, ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదిలి, సేఫ్టీ తీసి ఆగాలి. బోల్ట్ పిడిని తాకి, కాస్త ఎత్తి చూడాలి. సేఫ్టీ తీసి ఉండగా బట్‌ని, అంటే భుజానికి ఆనే వెనక భాగాన్ని, మందపాటి రబ్బరు మీద అడుగు ఎత్తు నుంచి కొట్టాలి. అమెరికా తయారీదారుల ప్రమాణాల సంస్థ సామీ పరీక్షలో కుదుపుకి పెట్టిన ఎత్తు కూడా 12 అంగుళాలే, కింద పడేసే పరీక్షకు నాలుగు అడుగులు. వీటిలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి పిన్ పడినా ఆ రైఫిల్ తూటాలకు పనికిరాదు. "పందొమ్మిది సార్లు బాగానే ఉంది కదా" అనే లెక్క ఇక్కడ లేదు. .22 రైఫిల్ అయితే ఈ పరీక్షలకు డమ్మీ తూటా పెట్టడం మంచిది, తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కితే కొన్నింట్లో పిన్ గొట్టం అంచుని సొట్ట పెడుతుంది.

మన దగ్గర, సెకండ్ హ్యాండ్ దగ్గర

ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా ఈ చర్చ చాలావరకు అనవసరం. ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 5 ప్రకారం తుపాకీ రిపేరు చేయడానికి, పరీక్షించడానికి విడిగా లైసెన్సు కావాలి, తుపాకీ ఉంచుకునే లైసెన్సు ఉన్నంత మాత్రాన సరిపోదు. ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 రైఫిల్ ఇంట్లో ఉన్నవాళ్ళకు ట్రిగ్గర్ గట్టిగా అనిపిస్తే లైసెన్సున్న ఆయుధాల డీలర్ దగ్గరికి, షూటింగ్ క్లబ్ అయితే అక్కడి ఆర్మరర్ (ఆయుధాలు బాగుచేసే మనిషి) దగ్గరికి వెళ్ళాలి.

అమెరికాలో పాత రైఫిల్ కొనేవాళ్ళు మాత్రం బేరం ఆడే ముందు చెక్క బిగింపు తీయించి ఆ మూడు స్క్రూల తలల్ని టార్చి వేసి చూడటం మేలు. సీల్ పగిలి ఉంటే, ముఖ్యంగా వెనక దాని మీద, ఆ ట్రిగ్గర్‌ని ఎవరు ఎంత తిప్పారో అమ్మేవాడికి కూడా తెలియకపోవచ్చు. అప్పుడు ట్రిగ్గర్ డబ్బా మొత్తం మార్చే ఖర్చుని ధరలోంచి తగ్గించమని అడగొచ్చు. సీల్ చెక్కుచెదరని పాత వాకర్ ట్రిగ్గర్ అయినా, సందులో డెబ్భై ఏళ్ళ నూనె ఉండొచ్చు కాబట్టి, మార్చుకున్నవాళ్ళని అతిజాగ్రత్త అనలేం.